పుస్తకాలకు ఆయుష్షు పోసిన దొర – సి.పి. బ్రౌన్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం గురించి రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు నన్ను కోరారు. మన ప్రాంతం వారి గురించి రాయాలా, దేశనాయకుల గురించి రాయాలా అని కొన్నాళ్లు ఆలోచించి, చివరకు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ గారిని ఎంచుకున్నాను. ఆయన మిర్యాలగూడలో ఉద్యోగం చేసినవారు కాదు. ఆ కాలంలో మనది నిజాం ఏలుబడి. ఆయనది కుంఫిణీ కొలువు. అయినా తెలుగు చదివిన ప్రతి ఇంటికీ ఆయన బాకీదారు కాదు, మనమే ఆయనకు బాకీపడ్డాం.

బ్రౌన్ అనగానే అందరికీ నిఘంటువు గుర్తుకు వస్తుంది. వేమన పద్యాలను అచ్చు వేయించిన దొర అని కూడా చాలామందికి తెలుసు. నేను రాయబోయేది ఆయన చేసిన మరో పని గురించి. ఆయన శిథిలమైపోతున్న తెలుగు పుస్తకాలను వెదికి తెప్పించి, కాగితం మీదకు ఎక్కించి, పండితులతో దిద్దించి, గట్టి బైండు కట్టించి దాచారు. జీవితకాలం ఉద్యోగంలో రికార్డు గదుల మధ్య గడిపిన నాకు ఆయన చేసిన పనులన్నింటిలో ఇదే పెద్దదిగా తోస్తుంది.

నాణేనికి ఉన్న ఆయుష్షు పుస్తకానికి లేదు

మన సూర్యాపేట జిల్లా నాగారం మండలంలోని ఫణిగిరి పేరు పాఠకులు వినే ఉంటారు. అక్కడి బౌద్ధక్షేత్రంలో 2024లో జరిగిన తవ్వకాలలో ఒక మట్టికుండ బయటపడింది. దాని నిండా సీసపు నాణేలు, మొత్తం 3,730. ఇక్ష్వాకుల కాలం నాటివని పురావస్తు శాఖవారు నిర్ణయించారు. అంటే సుమారు పదిహేడు వందల సంవత్సరాలు ఆ నాణేలు నేలలోనే ఉన్నాయి. ఎవరూ వాటిని తుడవలేదు, ఎండలో పెట్టలేదు, మూట కట్టలేదు. అయినా వాటిమీది ఏనుగు గుర్తు ఏనుగుగానే ఉంది.

అదే కుండలో ఒక తాటాకు పుస్తకం పెట్టి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కరలేదు. పుస్తకం బతకాలంటే ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు దాని బాధ్యత తీసుకోవాలి. ఒక్క తరం ఏమరితే చాలు, చెదలు మిగిలిన పని చూసుకుంటాయి.

ఈ తేడా బ్రౌన్ కంటే ముందువాడైన కల్నల్ కాలిన్ మెకంజీ విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. భారతదేశానికి సర్వేయర్ జనరల్‌గా పనిచేసిన ఆయన, కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య మొదలైన తెలుగువారి సహాయంతో దక్షిణదేశమంతా గాలించి నాణేలు, శాసనాలు, తాళపత్రాలు, గ్రామ చరిత్రలైన కైఫీయతులు పోగుచేశారు. 1821లో ఆయన మరణించాక కుంఫిణీ ప్రభుత్వం ఆ సొత్తునంతా ఆయన భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. 1828లో వెలువడిన పట్టిక ప్రకారం అందులో 6,218 నాణేలు, ఎనిమిది వేలకు పైగా శాసన ప్రతులు ఉన్నాయి. నాణేలకు వచ్చిన చిక్కేమీ లేదు. కాని కైఫీయతులు రాసిన కాగితాలు ఇరవై ఏళ్లు గడవకముందే సిరా పాలిపోయి, పురుగు తిని, విడివడిపోసాగాయి. వాటిని ఆదుకోవలసిన పని తరువాత బ్రౌన్ మీద పడింది. ఆ సంగతి ముందు చెబుతాను.

బాల్యం, తెలుగు చదువు

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యులు, బహుభాషావేత్త. పిల్లలకు చిన్ననాడే పలు భాషలు నేర్పించారు. 1812లో తండ్రి మరణించడంతో కుటుంబం ఇంగ్లండు చేరింది. అక్కడ హెయిలీబరీ కళాశాలలో కుంఫిణీ ఉద్యోగానికి కావలసిన చదువు చదివి, 1817 ఆగస్టులో బ్రౌన్ మద్రాసులో దిగారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు నిండలేదు. తెలుగు ఒక్క ముక్క రాదు.

కొత్తగా వచ్చిన దొరలు దేశభాషలలో పరీక్ష ప్యాసవాలన్నది నియమం. వెలగపూడి కోదండరామ పంతులు గారి వద్ద ఆయన తెలుగు నేర్చుకుని, 1820లో పరీక్ష ప్యాసై, కడప కలెక్టరుకు సహాయకుడిగా వెళ్లారు. చాలామంది దొరలు పరీక్షతోనే భాషను వదిలేసేవారు. బ్రౌన్ అలా వదలలేదు. కచేరీలో రైతు చెప్పే మాట దుబాసీ నోట మారిపోతున్నదని ఆయనకు త్వరలోనే అర్థమైంది. కడపలోను, తరువాత మచిలీపట్నంలోను పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే పాఠశాలలు కూడా పెట్టించారు.

మచిలీపట్నంలో ఉండగా 1824లో ఫ్రెంచి మతాచార్యుడు దుబాయి రాసిన గ్రంథంలో వేమన పేరు ఆయన కంటపడింది. వెంటనే వేమన పద్యాల ప్రతుల కోసం వెదికించడం మొదలుపెట్టారు. దొరికిన ప్రతులలో ఒకదానికీ మరొకదానికీ పొంతన లేదు. ఒక ప్రతిలో ఉన్న పద్యం ఇంకో దానిలో లేదు. ఉన్న పద్యంలో పదాలు వేరు. వాటన్నింటిని పక్కపక్కన పెట్టి పోల్చి, ఎంపిక చేసి, ఇంగ్లీషు అనువాదంతో 1829లో మద్రాసులో అచ్చు వేయించారు. అందులో 693 పద్యాలున్నాయి. పండితులు పెద్దగా లెక్కచేయని వేమనకు పుస్తకరూపంలో గౌరవం దక్కింది అప్పుడే.

కడప తోటలో పుస్తకాల కార్ఖానా

వేమనతో పట్టుబడిన పద్ధతినే ఆయన మిగిలిన తెలుగు సాహిత్యానికంతటికీ వర్తింపజేశారు. కడపలో తోటతో కూడిన ఒక బంగళా కొని, అక్కడ పండితులను, లేఖకులను నియమించారు. జనం దానిని బ్రౌన్ కాలేజీ అనేవారు. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య మొదలైన పండితులు ఆయన వద్ద పనిచేశారు. వీరి జీతాలు ప్రభుత్వం ఇచ్చినవి కావు; ఆయన తన జీతంలోంచి ఇచ్చుకున్నవి. చాలక అప్పులు కూడా చేశారు.

అక్కడ పని సాగిన తీరు చెబుతాను. ముందు ఒక కావ్యానికి ఊరూరా ఉన్న తాళపత్ర ప్రతులను తెప్పించేవారు. కొన్నవి కొన్ని, ఎరువు తెచ్చినవి కొన్ని. తాటాకు మీద గంటంతో గీసిన అక్షరం మసి పూస్తేగాని కనబడదు. ఆకులకు బెజ్జం వేసి తాడు గుచ్చి, పైన కింద చెక్కపలకలు పెట్టి కడతారు. తాడు తెగితే ఆకుల వరుస పోతుంది. అంచు విరిగితే పద్యం చివరి అక్షరాలు పోతాయి. అటువంటి కట్టలను విప్పి, లేఖకుడు కాగితం మీద ప్రతి రాస్తే, పండితులు మిగిలిన ప్రతులతో పోల్చి పాఠభేదాలు గుర్తించేవారు. తప్పులు దిద్దాక మళ్లీ శుద్ధప్రతి రాయించేవారు. కొన్నింటికి టీకలు, పదసూచికలు కూడా చేర్పించేవారు. అంతా అయ్యాక బైండు. ఎవరు రాసినది, ఎవరు దిద్దినది వంటి వివరాలు ఆయన తన చేతితో ఆ సంపుటాలలోనే ఇంగ్లీషులో రాసిపెట్టేవారు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే ప్రతి ఫైలుకూ నోట్ షీటు ఉన్నట్లు.

ఇక్కడ బైండు గురించి రెండు మాటలు చెప్పాలి. మన వైపు పెద్దలు దీనిని జిల్దు అనేవారు. మడిచిన కాగితాలను కొన్ని కొన్నిగా కట్టలు చేసి, ఒక్కొక్క కట్టను మడత దగ్గర దారంతో కుట్టి, ఆ కట్టలన్నింటిని ఒకదానితో ఒకటి కలిపి, వెన్నుకు జిగురు పట్టించి, అట్టలు తొడుగుతారు. ఆ రోజుల్లో గట్టి బైండంటే తోలు బైండే. పూర్తిగా తోలు వేయడం ఖర్చు కనుక, చాలా పుస్తకాలకు వెన్నుకూ మూలలకూ మాత్రమే తోలు వేసి మిగతా భాగం కాగితమో గుడ్డో అంటించేవారు. పుస్తకం తెరిచినప్పుడల్లా వంగేది వెన్ను. కింద పెట్టినప్పుడల్లా దెబ్బతినేవి మూలలు. తోలు అక్కడ ఉంటే చాలు. పాత కచేరీలలో తోలు వెన్ను రిజిస్టర్లు చూసినవారికి ఇది తెలిసిన సంగతే.

బైండు లేని కాగితం ఎంత ప్రమాదమో మన పింఛనుదారులకు వేరే చెప్పాలా? నాతో పనిచేసిన ఒక సోదరుని సర్వీసు పుస్తకం కుట్టు ఊడి రెండు ఆకులు జారిపోయాయి. ఆ ఆకులలోనే ఆయన మొదటి మూడేళ్ల సర్వీసు నమోదు ఉంది. అది తిరిగి రుజువు చేసుకోవడానికి ఆయన రిటైరైన తరువాత ఏడాదిన్నర తిరిగారు. అంతవరకు పూర్తి పింఛను రాలేదు. ఒక మనిషి మూడేళ్ల జీవితం పోవడానికి రెండు ఆకులు చాలినప్పుడు, వందలాది కావ్యాలు విడి ఆకులుగా అటకల మీద పడి ఉన్న కాలంలో ఒక జాతి ఎంత పోగొట్టుకుంటున్నదో ఊహించుకోవచ్చు. బ్రౌన్ అది గ్రహించిన మనిషి.

కరువు, కొలువు పోవడం

1832–33లో గుంటూరు సీమలో భయంకరమైన కరువు వచ్చింది. నందన నామ సంవత్సరం కనుక నందన కరువన్నారు. మన వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే పల్నాడు. ఆ సీమంతా ఎండిపోయింది. జనం వేల సంఖ్యలో చనిపోయారు, బతికినవారు ఊళ్లు విడిచారు. పై అధికారులు దీనిని కొరత అనే మాటతో సరిపెట్టాలని చూస్తుండగా, బ్రౌన్ తన నివేదికలలో కరువు అనే రాశారు. మాట మార్చమన్నా మార్చలేదు. ఉన్నది ఉన్నట్లు రాసిన ఉద్యోగికి ఏ కాలంలోనైనా మెప్పు తక్కువే.

1834లో ఆయన కొలువు పోయింది. ముప్పయ్యారేళ్ల వయసులో చేతిలో పని లేక, అప్పుల భారంతో ఇంగ్లండు వెళ్లిపోయారు. మరొకరైతే తెలుగును అక్కడితో మరచిపోయేవారు. ఆయన లండనులో కుంఫిణీవారి గ్రంథాలయానికి వెళ్లి చూశారు. అక్కడ దక్షిణదేశ భాషల వ్రాతప్రతులు రెండువేలకు పైగా పడి ఉన్నాయి. చదివేవారు లేరు, చదవగలవారు అసలే లేరు. వాటిని మద్రాసుకు తిరిగి పంపించేటట్లు అధికారులను ఒప్పించారు. తన ఉద్యోగమే లేని రోజులలో, మన పుస్తకాలను మన దేశానికి తిరిగి చేర్చిన మనిషి ఆయన.

మద్రాసు రోజులు

మళ్లీ కొలువు దొరికి మద్రాసు చేరాక, బ్రౌన్ ప్రభుత్వానికి అనువాదకులుగా, కళాశాల బోర్డు సభ్యులుగా, పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశారు. పగలు కచేరీ, తక్కిన వేళల్లో తెలుగు. 1840లో వ్యాకరణం వెలువడింది. 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర జూలూరి అప్పయ్య పండితుని టీకలతో అచ్చయ్యాయి. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు బయటకు వచ్చింది. ఆ నిఘంటువులో ఒక మాటకు కావ్యాల నుండి అంతటి ప్రయోగాలు ఇవ్వగలిగారంటే, అవన్నీ అప్పటికే దిద్దించి, బైండు చేయించి, చేతికి అందేటట్లు ఉంచుకున్న సంపుటాలుగా ఉండబట్టే. నిఘంటువు పండు అయితే ఆ సంపుటాలు చెట్టు.

మెకంజీ కైఫీయతుల సంగతి ముందు చెబుతానన్నాను. శిథిలమవుతున్న ఆ కాగితాలను బ్రౌన్ కొత్త కాగితం మీద తిరిగి రాయించారు. అలా తయారైన దాదాపు అరవై పెద్ద సంపుటాలనే స్థానిక చరిత్రలని పిలుస్తారు. ఈనాడు ఆంధ్ర, రాయలసీమ గ్రామాల చరిత్ర రాసే ప్రతివారూ ఆ సంపుటాల దగ్గరకు వెళ్లవలసిందే. మెకంజీ సేకరించకపోతే ఆ చరిత్రలు పుట్టేవి కావు. బ్రౌన్ తిరిగి రాయించకపోతే చాలామటుకు మిగిలేవి కావు.

తన సొంత డబ్బుతో తయారు చేయించుకున్న గ్రంథాలయాన్ని కూడా ఆయన అమ్ముకోలేదు, వెంట తీసుకుపోలేదు. మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చివేశారు. అవి కాలక్రమాన మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో చేరాయి. అప్పులు ఉన్న మనిషి చేసిన దానం కనుక దీని విలువ ఇంకా ఎక్కువ అని నా అభిప్రాయం.

ఉద్యోగ విరమణ తరువాత ముప్పయ్యేళ్లు

1855లో బ్రౌన్ ఉద్యోగం వదలి లండను చేరారు. అప్పటికి యాభైయ్యారేళ్లు. పెళ్లి చేసుకోలేదు, పిల్లలు లేరు. మన సభ్యులు గమనించవలసిన భాగం ఇదే. ఆయన మరో ముప్పయ్యేళ్లు జీవించారు, ఆ ముప్పయ్యేళ్లూ తెలుగును విడువలేదు. 1855లోనే తాతాచారి కథలు అచ్చయ్యాయి. 1863లో దక్షిణదేశ రాజుల కాలనిర్ణయానికి ఉపయోగపడే పట్టికల గ్రంథం ప్రకటించారు. లండను విశ్వవిద్యాలయ కళాశాలలో తెలుగు ఆచార్యులుగా ఉన్నారు. అక్కడ తెలుగు నేర్చుకోవడానికి ఎందరు వచ్చి ఉంటారు? అయినా ఆ కుర్చీలో కూర్చున్నారు. తన సాహిత్య జీవితం గురించి కూడా రాసిపెట్టారు. 1884 డిసెంబరు 12న, ఎనభయ్యారేళ్ల వయసులో కన్నుమూశారు. లండనులోని కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది.

ఆ తరువాత చాలా కాలం మనవాళ్లకు ఆయన నిఘంటువు గుర్తుంది గాని ఆయన సంపుటాలు గుర్తులేవు. 1970లలో బంగోరె అనే బండి గోపాలరెడ్డి గారు ఆ కట్టలు విప్పి, బ్రౌన్ జాబులను, నోట్లను వెలికితీశారు. కడపలో జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, పాడుబడిన బ్రౌన్ బంగళా స్థలంలోనే గ్రంథాలయం కట్టించారు. 2006లో అది యోగి వేమన విశ్వవిద్యాలయం పరిధిలోకి వెళ్లి భాషా పరిశోధన కేంద్రమైంది. వేమనను వెలుగులోకి తెచ్చిన మనిషి పేరిట ఉన్న కేంద్రం వేమన పేరిట ఉన్న విశ్వవిద్యాలయంలో చేరడం సముచితంగా ఉంది.

తోలు కూడా శాశ్వతం కాదు

తోలు బైండు కట్టిస్తే ఇక చింత లేదని అనుకోరాదు. మన దక్షిణదేశంలో తోళ్లను తంగేడు చెక్కతో పదును చేసేవారు. బతుకమ్మలో మనం పేర్చే తంగేడే. మద్రాసు నుండి అటువంటి తోళ్లు ఓడలకొద్దీ ఇంగ్లండుకు పోయేవి. అక్కడ పుస్తకాల బైండుకు కూడా వాడారు. కొన్నేళ్లకే వెన్నులు ఎర్రటి పొడిగా రాలిపోవడం చూసి, లండనులో నిపుణుల సంఘం ఒకటి పరిశీలన జరిపింది. తంగేడు చెక్కతో పదును చేసిన తోలు చెప్పులకూ జీనులకూ మంచిదే గాని పుస్తకాలకు నిలవదని 1901లో తేల్చింది. గాలిలోని పొగ, గ్యాసు దీపాల ఆవిరి ఆ తోలును తినివేస్తాయట. కనుక బైండు కూడా యాభై అరవై ఏళ్లకు ఒకసారి చూసుకోవలసిందే. తాటాకు నుండి కాగితానికి, కాగితం నుండి అచ్చుకు, ఇప్పుడు అచ్చు నుండి కంప్యూటరుకు మార్చుకుంటూ పోవడమే పుస్తకానికి ఆయుష్షు. ప్రతి మలుపులోనూ ఒక మనిషి పూనుకోవాలి. ఒక మలుపులో ఆ మనిషి బ్రౌన్.

సభ్యులకు ఒక విన్నపం. మన ఇళ్లలో తాతల నాటి రామాయణమో, శతకమో, పాత ఉర్దూ దస్తావేజులో, పెళ్లినాటి ఆల్బమో ఏదో ఒకటి అట్ట ఊడి ఉంటుంది. నాణేలు సేకరించే మిత్రుల దగ్గర ఉన్న నాణేల పుస్తకాలకు ఆ నాణేలకు ఉన్నపాటి భద్రత కూడా ఉండదు. వాటిని ఊళ్లో బైండు పని తెలిసినవారి దగ్గరకు తీసుకువెళ్లండి. పిన్నులు కొట్టనివ్వకుండా దారంతోనే కుట్టమని చెప్పండి. జిగురులో కాస్త మైలుతుత్తం కలిపించండి, పురుగు దగ్గరకు రాదు. అంచులు మరీ ఎక్కువగా కోయనివ్వకండి, అక్షరాలు పోతాయి. మొదటి తెల్లకాగితం మీద ఆ పుస్తకం ఎవరిది, ఎలా వచ్చింది, బైండు ఏ సంవత్సరంలో కట్టించింది మీ చేతితో రాయండి. మనుమలు, మనుమరాళ్లు ఎప్పుడో ఒకప్పుడు తెరుస్తారు.

బ్రౌన్ గారికి ఈ దేశంలో బంధువులు లేరు, వారసులు లేరు. ఆయన కట్టించిన సంపుటాలు మాత్రం ఉన్నాయి. వాటిని తెరిచిన వారందరూ ఆయన వారసులే.